ఒళ్లు ఇంచుల్లో, గుడ్డ మీటర్లలో

సూరత్ రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్లు వరసగా ఉంటాయి. వాటిలో ఏ దుకాణం ముందైనా కాసేపు నిలబడి బేరాలు వినండి. చీర పొడవెంత అని అడిగితే ఐదున్నర మీటర్లు అంటారు. అదే చీర పన్నా ఎంత అని అడిగితే నలభై నాలుగు ఇంచులు అంటారు. గుడ్డ ఒకటే, అడిగిన మనిషీ చెప్పిన మనిషీ వాళ్లే. పొడవుకు ఒక లెక్క, వెడల్పుకు ఇంకో లెక్క. అక్కడ ఎవరికీ ఇది వింతగా తోచదు. కానీ ఆ గుడ్డ ఇంటికొచ్చి కత్తెర కిందికి వెళ్లేటప్పుడు ఈ రెండు లెక్కలూ ఎదురుపడతాయి. జాకెట్టు బిగుతైపోవడం, చేతులకు గుడ్డ చాలకపోవడం, కుర్తా అంచు మడవడానికి మిగలకపోవడం ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఈరోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

సూరత్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని మీలో ఎక్కువమందికి తెలిసే ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో కొన్ని వీధుల్లో నడుస్తుంటే సిరిసిల్లలో ఉన్నామా అనిపిస్తుంది. మగవాళ్లు పవర్‌లూమ్ మీదో, ఎంబ్రాయిడరీ మిషన్ మీదో ఉంటారు. ఆడవాళ్లు చాలామంది ఇంటి దగ్గరే చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతికించడం, ఫాల్, పికో, జాకెట్లు కుట్టడం చేస్తారు. వాళ్లకు కుట్టు నేర్పే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ రెండు లెక్కల సంగతి నాకు రోజూ ఎదురయ్యేదే.

మగ్గం దగ్గర నుంచే మొదలుపెడతాను. సూరత్ మగ్గాల మీద ఎక్కువగా నడిచే పాలిస్టర్, నైలాన్ నూలును డెనియర్లలో చెబుతారు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఇది పూర్తిగా మీటర్లు, గ్రాముల లెక్క. పత్తి నూలు కౌంటు అలా కాదు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను అవుతుందో అదే దాని కౌంటు. అందుకే డెనియర్ పెరిగితే నూలు లావవుతుంది, కౌంటు పెరిగితే నూలు సన్నబడుతుంది. ఆ నూలు మగ్గమెక్కాక మళ్లీ ఇంచు వస్తుంది. పడుగులో పేక ఎంత దట్టంగా పడిందో ఇంచుకు ఇన్ని పిక్కులు అని లెక్కపెడతారు. అడుగున ఒక ఇంచు చదరం కన్నం ఉండే చిన్న మడత అద్దం ఒకటి ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి, కన్ను ఆనించి, సూది మొనతో ఒక్కొక్క పోగూ దాటిస్తూ లెక్కిస్తారు. కూలి దగ్గరికొచ్చేసరికి మళ్లీ మీటరు లెక్కే.

ఇంచుకు 60 పిక్కులున్న గుడ్డ అనుకుందాం. గజం గుడ్డకు 2,160 పిక్కులు, అంటే పేక పోట్లు, పడాలి. మీటరు గుడ్డకు దాదాపు 2,362 పడాలి. గజానికీ మీటరుకూ మధ్య తేడా కాగితం మీద మూడుంపావు ఇంచుల పైచిలుకే. మగ్గం దగ్గర నిలబడిన మనిషికి అది రెండువందల పోట్ల పని.

ఈ రెండు లెక్కలూ మన మీదికి ఒక్కసారిగా వచ్చి పడలేదు. సూరత్ మొగలుల కాలంలో పెద్ద రేవు. అక్బరు పాలనలో ఖాయం చేసిన ఇలాహీ గజం 41 వేళ్ల వెడల్పు. ఇప్పటి లెక్కలో సుమారు 33 ఇంచులు. 1613లో ఇంగ్లీషు కంపెనీ సూరత్‌లో కోఠీ పెట్టింది. వాళ్ల గజం 36 ఇంచులు. కాలం గడిచేకొద్దీ ఆ 36 ఇంచుల గజమే దేశమంతటా స్థిరపడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి మెట్రిక్ పద్ధతిని ఎంచుకున్నాం. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలు, 1960 దశకం మొదట్లో మీటర్లు బజారుకొచ్చాయి. ఇంత పెద్ద దేశం, చదువురాని జనం ఎక్కువగా ఉన్న రోజుల్లో, కొన్నేళ్లలోనే ఈ మార్పు పూర్తిచేసింది. అప్పటి భారత ప్రమాణాల సంస్థ మొదటి డైరెక్టరు లాల్ చంద్ వర్మన్ లాంటి వాళ్లు దీనికోసం చేసిన కృషిని మనం ఇంకా ఎక్కువగా తలచుకోవాలి.

ఆ మార్పులో చీరకు ఏమైందో చూడండి. మన అమ్మమ్మలు చెప్పే ఆరు గజాల చీర అంటే 5 మీటర్ల 48.6 సెంటీమీటర్లు. ఇప్పుడు మనం కొనే ఐదున్నర మీటర్ల చీర దానికి 1.4 సెంటీమీటర్లు ఎక్కువ, అంతే. గజం పోయి మీటరు వచ్చినా కుచ్చిళ్లలో ఒక్క మడత కూడా మారలేదు. జాకెట్టు ముక్కతో కలిపి వచ్చే చీర 6 మీటర్ల 30 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో ఐదున్నర చీరకు పోతే మిగిలే 80 సెంటీమీటర్లు జాకెట్టుకు. ఈ 80 దగ్గరికి మళ్లీ వస్తాను.

బజారు మీటరుకు మారింది కదా, మరి దర్జీ ఎందుకు మారలేదు? పాత అలవాటు అని కొట్టిపారేస్తారు కొందరు. నేను ఒప్పుకోను. మీ ఇంట్లో టేపు ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఒకవైపు 60 ఇంచులు, రెండోవైపు 150 సెంటీమీటర్లు. ఇంచుల వైపు చూడండి. ఒక్కో ఇంచు సగం, పావు, అరపావుగా విడిపోయి ఉంటుంది. దర్జీ చేసేదంతా సగం చేయడమే. గుడ్డను రెండుగా మడుస్తాం, నాలుగుగా మడుస్తాం. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, పన్నెండో వంతు 3. ఛాతీ 34 అయితే నాలుగో వంతు ఎనిమిదిన్నర. మడత మీద సుద్దతో గీతలు పడిపోతాయి, కాగితం పెన్సిలు అక్కరలేదు. దర్జీల ఎల్ ఆకారం స్కేలు మీద ఈ వంతులన్నీ అచ్చు వేసే ఉంటాయి. అదే 36 ఇంచుల ఛాతీని 91 సెంటీమీటర్లు అనుకుంటే నాలుగో వంతు 22.75. బడిలో ఎక్కువ చదవని ఆడపిల్ల కూడా 9 అనే అంకెను చెయ్యి ఆపకుండా గుర్తుపెట్టుకుంటుంది. 22.75 దగ్గర ఆగిపోతుంది. జాకెట్టు పొడవు 14, భుజం 14, చెయ్యి పొడవు 6, మెడ లోతు 7. ఒంటి కొలతలన్నీ నోటికి పట్టే చిన్న అంకెలు. మూరెడు పూలు, బెత్తెడు అంచు అని ఒంటితోనే కొలిచిన జాతికి ఇది సులువుగా పట్టుబడింది.

అలాగని సెంటీమీటరుకు కుట్టుపనిలో చోటు లేదనుకోవద్దు. అంబ్రెల్లా కట్ ఫ్రాకు కుట్టేటప్పుడు నడుము చుట్టుకొలతను 6.28తో భాగించి, వచ్చినదాన్ని వ్యాసార్ధంగా తీసుకుని వంపు గీయాలి. నడుము 28 ఇంచులైతే 4.46 ఇంచులొస్తుంది. అది ఇంచుల టేపు మీద ఎక్కడుందో వెతుక్కోవాలి. సెంటీమీటర్లలో అయితే 71.1ని భాగిస్తే 11.3. టేపు తిప్పితే ఆ గీత అక్కడే కనిపిస్తుంది. ఇలాంటి చోట ఉజ్జాయింపు ఎంత ఖరీదైనదో చెప్తాను. వ్యాసార్ధంలో పావు ఇంచు తప్పు పోతే నడుము దగ్గర ఒకటిన్నర ఇంచుకు పైగా తేడా వస్తుంది. చిన్నపిల్ల ఫ్రాకు ఒంటి మీద నిలవకుండా జారిపోవడానికి ఆ తేడా చాలు. అందుకే భాగాహారం వచ్చిన చోట సెంటీమీటర్లు, మడత వచ్చిన చోట ఇంచులు అని పిల్లలకు చెప్తాను.

రెడీమేడ్ బట్టల్లో ఈ కలగాపులగం ఇంకా ఎక్కువ. ఒక మగమనిషి ఒంటి మీద ఏముందో చూడండి. ప్యాంటు 34 అంటే నడుము, ఇంచుల్లో. బనియను 90 అంటే ఛాతీ, సెంటీమీటర్లలో. ఆఫీసు చొక్కా 40 అంటే చాలా కంపెనీల లెక్కలో కాలరు, అదీ సెంటీమీటర్లలో. టీ షర్టు 40 అంటే ఛాతీ, ఇంచుల్లో. రెండు నలభైలకూ సంబంధం లేదు. కుట్టుమిషన్ సూది ప్యాకెట్ తీయండి. 90/14 అని ఉంటుంది. 90 అంటే సూది మందం మిల్లీమీటరులో నూరింట తొంభై వంతులు. 14 పాత పద్ధతి నంబరు. ఒకే సూదికి రెండు పేర్లు. కొత్త మిషన్ మీద కుట్టు పొడవు 2.5 అని ఉంటే రెండున్నర మిల్లీమీటర్లు. పాత మాస్టరు దాన్ని ఇంచుకు పది కుట్లు అంటాడు. రెండూ ఒకటే.

ఇప్పుడు 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క దగ్గరికి వద్దాం. ఇక్కడ ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

"అక్కా, ఎనభై సెంటీమీటర్లు సరిపోతదా?"

"పన్నా ఎంతమ్మా?"

"అది అడగలే అక్కా."

పన్నా తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. లెక్క వేసి చూపిస్తాను, కాస్త ఓపికగా వినండి. 80 సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర ఇంచులు. ఛాతీ 36. నాలుగో వంతు 9, దానికి లూజు, కుట్టు మార్జిన్ కలిపి రెండు ఇంచులు, మొత్తం 11. వీపు ముక్కను మడత మీద కోస్తాం కాబట్టి విప్పితే 22 ఇంచులు. ముందు భాగాలు రెండూ కలిసి ఇంకో 22. పన్నా 44 ఉంటే ఇవన్నీ పక్కపక్కన పడతాయి. జాకెట్టు పొడవు మార్జిన్‌తో పదిహేనున్నర. అది పోగా కింద 16 ఇంచుల గుడ్డ పూర్తి పన్నాతో మిగులుతుంది. చేతులు, నడుము పట్టీ, హుక్కుల పట్టీ, మెడ పైపింగుకు క్రాస్ పట్టీలు అన్నీ అందులో హాయిగా వస్తాయి.

అదే పన్నా 36 అనుకోండి. వీపు ముక్క కింద ముందు భాగాలు పెట్టాలి. పదిహేనున్నర రెండుసార్లు 31. పొడవులో మిగిలేది అర ఇంచు. పక్కన 14 ఇంచుల వెడల్పున్న గుడ్డలో చేతులు తీయాలి. పొట్టి చేతులైతే గడుస్తుంది. మోచేతి దాకా కావాలంటే పట్టీలకు అతుకులు తప్పవు. ఆ ముక్కే 80కి బదులు 75 సెంటీమీటర్లుంటే ఇరవై తొమ్మిదిన్నర ఇంచులే. వీపు, ముందు భాగాలు ఒకదాని కింద ఒకటి పట్టనే పట్టవు. ఐదు సెంటీమీటర్లే కదా అని చీర కోసేవాళ్లు అనుకోవచ్చు. కుట్టేవాళ్లకు అది రెండు ఇంచులు, ఆ రెండు ఇంచులే జాకెట్టు. అలా తక్కువ పడిన ముక్కలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. గుడ్డ చాలలేదంటే కొన్నావిడ ముందు దర్జీనే అనుమానిస్తుంది. మిగుల్చుకుందేమో అంటుంది. ఒళ్లు హూనం చేసుకుని కుట్టే మనిషికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

దీనికి తోడు ఇంకో అలవాటు ఉంది. ఇంచుకు రెండున్నర సెంటీమీటర్లు అనుకుని లెక్క కట్టడం. ఇంచు అంటే 2.54 సెంటీమీటర్లు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు ఒప్పందం చేసుకుని కచ్చితంగా ఇంతే అని ఖాయం చేశాయి. చివర ఆ నాలుగు వదిలేస్తే ఏమవుతుంది? 36 ఇంచుల ఛాతీ 90 సెంటీమీటర్లు అవుతుంది. అసలు ఉండాల్సింది 91.4. అర ఇంచుకు పైగా పోయింది. ఒంటికి అతుక్కుని ఉండాల్సిన జాకెట్టులో అర ఇంచు పోతే హుక్కులు లాగేస్తాయి. అటువైపు నుంచి చూసినా అంతే. మీటరుకు 40 ఇంచులని చేతికొచ్చిన లెక్క కడితే రెండున్నర మీటర్ల గుడ్డలో వంద ఇంచులు ఉండాలి. ఉండేది 98.4. పోయిన ఇంచున్నర కుర్తా అంచు మడత దగ్గర తేలుతుంది. అందుకే నా మాట ఒకటే. ఒక బట్టకు లెక్క ఒక్కసారే మార్చండి, గుడ్డ కొనే దగ్గర మార్చండి, 2.54తో మార్చండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ అందరికీ ఉంది. కత్తెర పట్టుకున్నాక మళ్లీ మార్చవద్దు. ఇంచుల్లో మొదలుపెట్టిన డ్రాఫ్టును ఇంచుల్లోనే ముగించండి.

టేపు గురించి కూడా చెప్పాలి. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి. చివర ఇత్తడి రేకు ఊడిపోతే మొదటి అర ఇంచు మాయమవుతుంది. ఏడాదికోసారైనా స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. తేడా కనిపిస్తే కొత్తది కొనండి, దాని ధర ఎంతో కాదు. సాగిన టేపు అన్ని కొలతలనూ తక్కువ చేసి చూపిస్తుంది. కొలిచేదీ కోసేదీ అదే టేపుతో అయితే బయటపడదు. కొలతలు ఒకరు తీసి, ఫోన్‌లో ఇంకొకరికి చెప్పి కుట్టించే రోజులివి. అప్పుడు బయటపడుతుంది. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకునే మన పాత పద్ధతిలో ఈ బాధ లేదు. ఏ లెక్కలో కుట్టారన్నది ఆది జాకెట్టుకు అక్కర్లేదు, ఒంటికి సరిపోయిందా లేదా అన్నదే దానికి లెక్క. కానీ దూరం ఆర్డర్లకు అది కుదరదు కాబట్టి ప్రతి అంకె పక్కనా ఇంచా, సెంటీమీటరా అన్నది రాసి తీరాలి.

మా ఆడపిల్లలకు ఈ రెండు లెక్కలూ రావడం బతుకుతెరువుతో ముడిపడిన విషయం. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అక్కడ పిల్లలు సెంటీమీటరు స్కేలు పట్టుకుని గీతలు గీస్తారు. ఇంటికొచ్చి అమ్మ మిషన్ దగ్గర కూర్చుంటే అంతా ఇంచులు. రెండు చదువులూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. రేపు ఆ పిల్ల ఇక్కడి ఎగుమతి యూనిట్‌లో చేరినా, విశాఖ దగ్గర అచ్యుతాపురంలోని దుస్తుల ఫ్యాక్టరీల్లో చేరినా, అమెరికా ఆర్డరు కొలతల పట్టిక ఇంచుల్లోనూ యూరప్ ఆర్డరు సెంటీమీటర్లలోనూ ఉంటాయి. రెండూ చదవగలిగిన అమ్మాయి చెకింగ్ టేబుల్ దగ్గరికి, అక్కడి నుంచి సూపర్‌వైజర్ పనికి ఎదగగలదు. ఒకటే తెలిసిన అమ్మాయి మిషన్ దగ్గరే ఉండిపోతుంది. మన దేశానికి సొంత సైజుల పట్టిక ఉండాలని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు 25,000 మంది ఒంటి కొలతలు తీసే సర్వే చేపట్టింది. ఆ పట్టిక వాడుకలోకి వచ్చిన రోజున దాన్ని చదివి గుడ్డ మీదికి దించాల్సింది ఈ చేతులే.

ఇక అడగాల్సినవి అడుగుతాను. సూరత్ వ్యాపారులకు, మన ఊళ్లలో ఆ బట్ట అమ్మే దుకాణదారులకు ఒక విన్నపం. 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం అమ్మకం మెట్రిక్‌లోనే జరగాలి, ప్యాక్ చేసిన చీర కొలతలు ప్యాక్ మీద ఉండాలి. అది పాటించండి. దాంతోపాటు జాకెట్టు ముక్క పొడవు ఎంతో, పన్నా ఎంతో విడిగా, నిజంగా ఉన్నదున్నట్టు రాయండి. పన్నా పక్కన ఇంచుల్లో కూడా చెబితే కుట్టేవాళ్లకు మేలు చేసినవాళ్లవుతారు. కొనేవాళ్లు దుకాణంలో నిలబడే పన్నా అడగండి, తక్కువ ఉందనిపిస్తే మీటరు కడ్డీ తెప్పించి కొలిపించుకోండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కడ్డీతో కొలిపించుకోవడం మీ హక్కు. కుట్టు శిక్షణ కేంద్రాలు నడిపేవాళ్లు, ఆంధ్రలో, తెలంగాణలో, ఇక్కడ సూరత్‌లో, ఎక్కడున్నా సరే, పాఠం మొదలుపెట్టిన రోజునే పిల్లల చేతికి టేపు ఇచ్చి రెండువైపులా చదివించండి. ఆ తర్వాతే కత్తెర ఇవ్వండి.